సూపరింటెండెంట్ కుర్చీ మనలాంటివాళ్ళకు అందేదేనా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ, బీఈడీ చేసి హెచ్1బీ మీద టెక్సాస్ వచ్చాను. ఒక నగరపు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. గ్రీన్‌కార్డు వచ్చింది, ఇక్కడే మాస్టర్స్ చేసి ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు అదే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఆ నగరపు ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థలో, ఒక మిడిల్ స్కూల్‌కి అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌ని. వయసు 43. మా ప్రిన్సిపాల్ గారు ఒకరోజు “నువ్వు ఎప్పటికైనా సూపరింటెండెంట్ కాగలవు” అన్నారు, అంటే మొత్తం డిస్ట్రిక్ట్ బడులకు పెద్దని. ఆ మాట అప్పటినుంచి నన్ను వదలడం లేదు. సెంట్రల్ ఆఫీసులో లెక్కల కోఆర్డినేటర్ ఉద్యోగం ఇస్తామంటున్నారు. అది తీసుకుంటే దారి దగ్గరవుతుందా? డాక్టరేట్ చెయ్యాలా? పెద్ద నగరాల్లో మూడేళ్ళకు మించి ఎవర్నీ ఉండనివ్వరని స్నేహితులు భయపెడుతున్నారు. మన యాస విని బోర్డువాళ్ళు ఏమనుకుంటారోనని మావారి బెంగ. రిటైర్డ్ హెడ్మాస్టరైన మా నాన్నగారేమో “అంటే డీఈవో అవుతావన్నమాట” అని సంబరపడుతున్నారు. నాకు ఏది నిజమో తెలియడం లేదు.
— ఒక సోదరి, టెక్సాస్

సమాధానం: అమ్మా, ముందు తొందరగా తేల్చాల్సిన సంగతి చెప్తాను. కోఆర్డినేటర్ ఉద్యోగం వద్దనండి. అది మంచి పనే, కానీ మీరు అడిగిన దారిలో అది మలుపు. ఇప్పుడు మీకు కావలసింది మీ పేరు మీద ఒక బడి. అది హైస్కూలైతే మరీ మంచిది.

కారణం చెప్తాను. పెద్ద నగరం బోర్డు సూపరింటెండెంట్ కోసం వెతికేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న, “ఈవిడ ఎప్పుడైనా పూర్తి బాధ్యత మోసిందా?” అని. పాఠ్యాంశాల విభాగంలో ఎంత బాగా పనిచేసినా అక్కడ తుది నిర్ణయం మీది కాదు. ప్రిన్సిపాల్ అయితే బస్సు రాకపోయినా, టీచరు మానేసినా, ఒక పిల్లాడి తల్లి ఏడుస్తూ ఆఫీసులో కూర్చున్నా జవాబు చెప్పాల్సింది మీరే. అమెరికాలో ప్రభుత్వ బడి టీచర్లలో నాలుగింట మూడొంతులమంది ఆడవాళ్ళు. సూపరింటెండెంట్లలో మాత్రం నాలుగో వంతుకు కాస్త పైన. 2020లో సూపరింటెండెంట్ల వృత్తిసంఘం ఏఏఎస్ఏ చేసిన సర్వేలో తేలింది కూడా అదే. దీనికి వివక్ష ఒక కారణం, అందులో సందేహం లేదు. ఇంకో కారణం, ఆడవాళ్ళని ఎలిమెంటరీ బడులవైపు, సిలబస్ విభాగాలవైపు మళ్ళించి, హైస్కూళ్ళు, ఆర్థిక వ్యవహారాలు, భవనాలు మగవాళ్ళ చేతుల్లో పెట్టడం. తర్వాత బోర్డులు ఆ రెండో దారిలో వచ్చినవాళ్ళనే ‘అనుభవజ్ఞులు’ అంటాయి. మీకిప్పుడు మర్యాదగా చూపిస్తున్నది ఆ మొదటి దారి. మీకు చెడు చెయ్యాలని ఎవరూ అనుకోకపోవచ్చు, కానీ ఆ దారి చేరే చోటు అదే.

ఇక నాన్నగారి మాట. డీఈవోతో పోల్చడం సహజం. జిల్లాలో బడులన్నిటికీ పెద్ద, ఎంఈవోలు ఆయన కింద, ఇన్‌స్పెక్షన్లు, పరీక్షలు, టీచర్ల గొడవలు. పైకి చూస్తే రెండూ ఒకటే. కానీ డీఈవోను వేసేదీ బదిలీ చేసేదీ ప్రభుత్వం. ఒకచోట కుదరకపోతే ఇంకో జిల్లా ఉంటుంది, సర్వీసు పోదు. మీరు కోరుకుంటున్న కుర్చీకి సర్వీసు లేదు, ఉన్నది కాంట్రాక్టు. టెక్సాస్ చట్టం ప్రకారం అది 5 ఏళ్ళకు మించకూడదు. ఇచ్చేది ఆ ఊరి ఓటర్లు ఎన్నుకున్న ట్రస్టీలు, అంటే బోర్డు సభ్యులు. డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో 9 మంది చొప్పున, చాలా ఊళ్ళలో 7గురు. వాళ్ళకు జీతం లేదు. పగలు ఎవరి పని వాళ్ళు చేసుకుని, సాయంత్రం వచ్చి బడ్జెట్ మీద చెయ్యెత్తుతారు. వాళ్ళలో సగానికి పైగా మీవైపు ఉన్నంతకాలం మీరు సూపరింటెండెంట్. ఎన్నికల్లో ఇద్దరు మారితే లెక్క మొత్తం మారిపోవచ్చు.

ఈ ఏర్పాటు నిన్నటిది కాదు. బఫలో, లూయీవిల్ నగరాలు 1837లోనే సూపరింటెండెంట్లను పెట్టుకున్నాయి. ఇప్పుడు దేశంలో సుమారు 13,000 డిస్ట్రిక్టులున్నాయి, చాలాచోట్ల పద్ధతి ఇదే. కొన్ని మహానగరాల్లో మేయర్లే పగ్గాలు తీసుకున్నారు. బోస్టన్‌లో 1992లో, షికాగోలో 1995లో, న్యూయార్క్‌లో 2002లో. పగ్గాలు మేయర్ చేతిలో ఉన్నచోట మీ భవిష్యత్తు ఒక్క మనిషి ఎన్నికకు ముడిపడి ఉంటుంది. వాషింగ్టన్‌లో మిషెల్ రీ సంగతి తెలిసే ఉంటుంది. 2007లో మేయర్ ఫెంటీ ఆమెను ఆ నగరపు బడులకు పెద్దగా తెచ్చాడు. బడులు మూసింది, ప్రిన్సిపాళ్ళను తీసేసింది, 2010 జులైలో ఒక్కసారే 241 మంది టీచర్లను తొలగించింది. సెప్టెంబర్‌లో మేయర్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నికలో, ఓడిపోయాడు, అక్టోబర్‌లో ఆమె రాజీనామా చేసింది. ఆమె చేసిన వాటిలో ఏది తప్పు, ఏది ఒప్పు అన్నది ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మటుకు, ఆ ఊరి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడకుండా ఇంత వేగంగా ఇంత పెద్ద మార్పు నిలబడదనే అనుకుంటాను.

“మూడేళ్ళకు మించి ఉండనివ్వరు” అన్న మాట ఎక్కడనుంచి వచ్చిందో కూడా చెప్తాను. పెద్ద నగరాల డిస్ట్రిక్టులన్నీ కలిసి నడుపుకునే కౌన్సిల్ ఆఫ్ ద గ్రేట్ సిటీ స్కూల్స్ ఎప్పటికప్పుడు లెక్క తీస్తుంది. 2014లో ఆ సగటు 3.18 ఏళ్ళు. అయితే అది అప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళు అప్పటికి ఎన్నాళ్ళు పూర్తిచేశారన్న లెక్క. దిగిపోయేనాటికి మొత్తం ఎన్నాళ్ళు చేశారని చూస్తే అంకె అంతకంటే పెద్దదే వస్తుంది. మీ స్నేహితులు చెప్పినంత భయంకరం కాదు, అలాగని నిశ్చింతగా ఉండదగ్గదీ కాదు. బడి మారడానికి 5 ఏళ్ళు చాలవు. ఒకటో తరగతిలో మీ చదువు పథకం అందుకున్న పిల్ల ఆ 5 ఏళ్ళలో మిడిల్ స్కూల్ గుమ్మం దాకా మాత్రమే వస్తుంది.

ఎక్కువకాలం ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళెలా ఉండగలిగారో గమనించండి. కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్‌లో 1992 నుంచి 2002 వరకూ కార్ల్ కోన్, ఆ తర్వాత 2020 వరకూ క్రిస్ స్టైన్‌హౌసర్. 28 ఏళ్ళకు ఇద్దరే. స్టైన్‌హౌసర్ అదే డిస్ట్రిక్ట్‌లో టీచరుగా, ప్రిన్సిపాల్‌గా పనిచేసి పైకి వచ్చినవాడు. బోస్టన్‌లో థామస్ పేజాంట్ 1995 నుంచి 2006 వరకూ ఉన్నాడు, అన్నాళ్ళూ ఊరికి మేయర్ ఒక్కడే, మెనీనో. ఈ ముగ్గురూ సమర్థులే. కానీ సమర్థత ఒక్కటే నిలబెట్టదు. రూడీ క్రూ విషయం చూడండి. మయామీ-డేడ్ సూపరింటెండెంట్‌గా 2008లో దేశం మొత్తానికి ఉత్తమ సూపరింటెండెంట్ అవార్డు అందుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బోర్డు డబ్బిచ్చి కాంట్రాక్టు తెంపేసింది. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన అల్బెర్టో కార్వాల్యో 2022 దాకా అక్కడే ఉన్నాడు. ఊరు అదే, పిల్లలు వాళ్ళే. తేడా ఎక్కడుందంటే బోర్డుతో బంధంలో. అందుకే ఎవరడిగినా ఒక మాట చెప్తుంటాను, ఊరిని చూసి కాదు, బోర్డును చూసి వెళ్ళమని. దాని సంగతి మళ్ళీ వస్తాను.

ఇంతకంటే లోతైన ప్రమాదం ఇంకోటి ఉంది. దాని గురించి మీరు ఇప్పుడే, అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడే ఆలోచించాలి. అట్లాంటాలో బెవర్లీ హాల్ 1999లో పగ్గాలు తీసుకుంది. జమైకాలో పుట్టి, ఇక్కడికొచ్చి టీచరై, మెట్టుమెట్టుగా ఎదిగిన మనిషి. పేదపిల్లల మార్కులు ఏటేటా పెరిగాయి. 2009లో ఉత్తమ సూపరింటెండెంట్ అవార్డు ఆమెకే వచ్చింది. 2011 జులైలో జార్జియా రాష్ట్ర దర్యాప్తు నివేదిక బయటికొచ్చింది. చూసిన 56 బడుల్లో 44 చోట్ల జవాబు పత్రాలు దిద్దారు. 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళ పాత్ర ఉందని తేల్చారు. వాళ్ళలో 38 మంది ప్రిన్సిపాళ్ళు. 2013లో హాల్‌తో కలిపి 35 మందిపై కేసు పెట్టారు. తనకేమీ తెలియదనే ఆమె చివరిదాకా చెప్పింది. విచారణకు నిలబడే ఆరోగ్యం లేక 2015 మార్చిలో చనిపోయింది. తర్వాతి నెలలో జ్యూరీ 11 మందిని దోషులుగా తేల్చింది.

ఆ టీచర్లెవరూ పిల్లల్ని మోసం చేద్దామని ఈ వృత్తిలోకి రాలేదు. నివేదిక తప్పుపట్టింది అక్కడ అలుముకున్న భయాన్ని. లక్ష్యం అందుకోకపోతే ఉద్యోగం ఉండదన్న భయం, అనుమానం పైకి చెప్తే తమమీదికే వస్తుందన్న భయం. మార్కులు పెరిగాయని రాసిన ప్రతి పిల్లాడికీ అదనపు సాయం ఆగిపోయింది. చదవడం రాని పిల్లాడు ‘పాస్’ అని కాగితం పట్టుకుని పై తరగతికి వెళ్ళాడు. నన్నడిగితే ఈ వృత్తిలో జరిగిన అతి పెద్ద అన్యాయం ఇదే. మీ బడిలో స్టార్ పరీక్షల (రాష్ట్రం ఏటా పెట్టేవి) బాధ్యత బహుశా మీదే అయి ఉంటుంది. రేపు మీ ప్రిన్సిపాల్ మీటింగులో ఒక టీచరు లేచి “ఈ మార్కులు నమ్మబుద్ధి కావడం లేదు” అనగలిగితే ఆ బడి ఆరోగ్యంగా ఉన్నట్టు. అలా అనగలిగే వాతావరణం 40 మంది టీచర్ల బడిలో మీరు కట్టగలిగితేనే 10,000 మంది పనిచేసే చోట కట్టగలరు. కుర్చీ ఎక్కాక నేర్చుకుందామంటే కుదిరేది కాదిది.

ఇప్పుడు డబ్బు. నేను ఒక పెద్ద నగర డిస్ట్రిక్ట్ ఆర్థిక విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసినదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను. సూపరింటెండెంట్లలో ఎక్కువమంది చదువు చెప్పడంలో దిట్టలు. వాళ్ళను పడగొట్టేది మాత్రం తరచూ బడ్జెట్టే.

మన ఊళ్ళో జీతాలు ట్రెజరీ నుంచి వస్తాయి, డీఈవోకి ఆ దిగులు లేదు. ఇక్కడ బడి డబ్బులో పెద్దభాగం స్థానిక ఆస్తిపన్నూ రాష్ట్రం ఇచ్చే సాయమూ. ఫెడరల్ వాటా మామూలు రోజుల్లో పదోవంతు అటూఇటుగా. టెక్సాస్‌లో రాష్ట్రం పిల్లవాడి పేరు రిజిస్టర్లో ఉందా అని చూడదు, రోజూ బడికి వచ్చాడా అని సగటు హాజరు లెక్కగడుతుంది. అంటే ఫ్లూ వచ్చిన వారం కూడా మీ ఆదాయం తగ్గుతుంది. ఒక్కో పిల్లవాడికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఆ మధ్యలో ధరలెంత పెరిగాయో మీకు చెప్పనక్కర్లేదు. కరోనా కాలంలో ఫెడరల్ ప్రభుత్వం దేశం మొత్తం బడులకు దాదాపు 190 బిలియన్ డాలర్లు ఇచ్చింది. ఆ గడువు 2024 సెప్టెంబర్ 30తో అయిపోయింది. ఆ డబ్బుతో శాశ్వత ఉద్యోగాలు ఇచ్చిన డిస్ట్రిక్టులు ఇప్పుడు వాటిని ఎలా కోయాలా అని తలలు పట్టుకుంటున్నాయి. దానికితోడు నగరాల్లో పిల్లల సంఖ్య తగ్గుతోంది. అద్దెలు భరించలేక కుటుంబాలు శివార్లకు పోతున్నాయి, చార్టర్ బడులకు (ప్రభుత్వ డబ్బుతో, డిస్ట్రిక్ట్ అజమాయిషీ లేకుండా నడిచేవి) కొందరు పోతున్నారు, పుట్టేవాళ్ళూ తగ్గారు.

పర్యవసానం బడుల మూసివేత. షికాగో 2013లో ఒక్క ఏడాదే దాదాపు 50 బడులు మూసింది, చాలావరకూ నల్లజాతి పిల్లలవే. అప్పుడు అక్కడ సీఈవోగా (ఆ ఊళ్ళో సూపరింటెండెంట్‌ను అలా అంటారు) ఉన్న బార్బరా బర్డ్-బెనెట్ తర్వాత టెండరు పిలవకుండా ఇచ్చిన 20.5 మిలియన్ డాలర్ల కాంట్రాక్టులో ముడుపుల కేసులో నేరం ఒప్పుకుని జైలుకెళ్ళింది. అది వేరే కథ అనుకోకండి. డబ్బు లేక బడులు మూస్తున్నామని చెప్పిన నోరే అది. ఆ ఊరివాళ్ళు ఆ తర్వాత ఎవరి మాట నమ్ముతారు?

దీనికి ఎదురుగా అదే షికాగో నుంచి ఇంకో మనిషిని చూపిస్తాను. పెద్రో మార్టినెజ్ మెక్సికోలో పుట్టి చిన్నప్పుడే వచ్చాడు, షికాగో ప్రభుత్వ బడుల్లోనే చదివాడు. వృత్తికి అకౌంటెంటు. మీ టెక్సాస్‌లోనే శాన్ ఆంటోనియోలో 2015 నుంచి 2021 దాకా సూపరింటెండెంట్‌గా చేసి షికాగో వెళ్ళాడు. 2024లో బడ్జెట్ లోటు వచ్చింది. పింఛన్ల చెల్లింపుకూ టీచర్ల కొత్త ఒప్పందానికీ 300 మిలియన్ డాలర్లు అప్పు తెమ్మని మేయర్ వర్గం ఒత్తిడి. స్వల్పకాలానికి ఎక్కువ వడ్డీకి అంత అప్పు తెస్తే రేపటి పిల్లల క్లాసురూముల్లోంచే కట్టాలని ఆయన తేనన్నాడు. అక్టోబర్‌లో బోర్డు ఏడుగురూ రాజీనామా చేశారు. మేయర్ కొత్త బోర్డును వేశాడు. డిసెంబర్‌లో ఆ బోర్డు ఏ తప్పూ చూపకుండానే ఆయన్ను తీసేసింది. 2025లో మసాచుసెట్స్ రాష్ట్రం ఆయన్ను తన విద్యా కమిషనర్‌గా పెట్టుకుంది.

ఆయన చెయ్యగలిగినది ఒక్క కారణంతోనే చెయ్యగలిగాడు, ఆ బడ్జెట్ పట్టికలు తానే చదవగలడు. మీరు లెక్కల మనిషి. ఇది మీకున్న పెద్ద బలం. మీ డిస్ట్రిక్ట్ బడ్జెట్ పుస్తకం వెబ్‌సైట్లో ఉంటుంది, ఈ వేసవిలో మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. అర్థంకాని చోట ఫైనాన్స్ ఆఫీసువాళ్ళను అడగండి. అడిగే ప్రిన్సిపాల్ దొరికితే వాళ్ళు ఎంత సంతోషిస్తారో నాకు తెలుసు. బాండ్ (ఓటర్ల అనుమతితో భవనాలకు తెచ్చే అప్పు) కమిటీ వేస్తే పేరివ్వండి. హ్యూస్టన్‌లో 2024 నవంబర్‌లో 4.4 బిలియన్ డాలర్ల బాండ్‌ను ఓటర్లు తిరస్కరించారు. పాత భవనాలకు మరమ్మతులు అవసరమని అందరికీ తెలుసు, అయినా తిరస్కరించారు. ఎందుకో కూడా మీరు చదువుకోవాలి, ఎందుకంటే అది పూర్తిగా డబ్బు విషయం కాదు.

హ్యూస్టన్‌లో ఒక్క హైస్కూలు, వీట్లీ, 2019 దాకా వరసగా ఫెయిల్ రేటింగ్ తెచ్చుకుంది. 2015 నాటి చట్టం ప్రకారం ఒక్క బడి వరసగా అలా ఫెయిలైతే చాలు, డిస్ట్రిక్ట్ మొత్తాన్నీ రాష్ట్రం స్వాధీనం చేసుకోవచ్చు. కోర్టుల్లో నలిగి నలిగి 2023 జూన్‌లో అది జరిగింది. ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి రాష్ట్రం తన మేనేజర్లను వేసింది, మైక్ మైల్స్‌ను సూపరింటెండెంట్‌ని చేసింది. అప్పటిదాకా ఉన్న మిల్లర్డ్ హౌస్ 2021లో వచ్చినవాడు, ఆ ఫెయిల్ రేటింగులప్పుడు ఆ ఊళ్ళోనే లేడు. అయినా పోవాల్సి వచ్చింది. తాము ఓటేసిన బోర్డు లేనిచోట బాండ్‌కు ఓటెందుకెయ్యాలని అడిగినవాళ్ళు ఆ ఊళ్ళో బోలెడుమంది. టెక్సాస్‌లో ఈ కుర్చీ ఎక్కేవాళ్ళు రాష్ట్ర రాజధాని ఆస్టిన్ వైపు కూడా ఒక కన్నేసి ఉంచాలి.

మీవారి బెంగకు వస్తాను. యాస అడ్డం కాదు. కార్వాల్యో పోర్చుగల్‌లో పుట్టి, ఇక్కడికొచ్చి కొన్నాళ్ళు కాగితాల్లేకుండా బతికిన కుర్రవాడు, గిన్నెలు కడిగి చదువుకుని ఫిజిక్స్ టీచరయ్యాడు. డల్లాస్‌ను రెండు విడతలు నడిపిన మైకేల్ ఇనోహోసా మెక్సికోలో పుట్టి డల్లాస్ బడుల్లోనే చదివాడు. ఆడవాళ్ళ విషయమూ ఈనాటిది కాదు. ఎల్లా ఫ్లాగ్ యంగ్ 1862లో 17 ఏళ్ళకే షికాగోలో టీచరైంది, 1909లో ఆ నగరానికి సూపరింటెండెంట్ అయింది. అమెరికాలో పెద్ద నగరపు బడులకు పెద్దయిన మొదటి మహిళ ఆమే. 1913లో బోర్డు ఆమెను సాగనంపాలని చూస్తే ఊరి ఆడవాళ్ళు గొడవచేసి మళ్ళీ కూర్చోబెట్టారు. ఆమెకు టీచర్లతో, తల్లులతో ఉన్న బంధం అలాంటిది. బోర్డుకు ముందు ఊరు కావాలి.

అందుకే, డాక్టరేట్ సంగతి అడిగారు కదా, దానికంటే ముందు స్పానిష్ నేర్చుకోండి. టెక్సాస్ ప్రభుత్వ బడి పిల్లల్లో సగానికి పైగా హిస్పానిక్ పిల్లలు. మీ నగరంలో ఇంకా ఎక్కువే ఉంటారు. తల్లి మాట్లాడుతుంటే మధ్యలో దుబాసీ లేకుండా వినగలిగే ప్రిన్సిపాల్‌ను ఎవరూ మర్చిపోరు, ఆ స్పానిష్‌లో తెలుగు యాస ఉన్నా సరే. డాక్టరేట్ టెక్సాస్‌లో తప్పనిసరి కాదు. మాస్టర్స్, ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ మీకున్నాయి. సూపరింటెండెంట్ శిక్షణ కోర్సు చేసి, 195 నంబరు టెక్సెస్ పరీక్ష రాస్తే సర్టిఫికెట్ వస్తుంది. పెద్ద నగరాల బోర్డులు పేరు ముందు ‘డాక్టర్’ ఉంటే ఇష్టపడతాయి, నిజమే. ప్రిన్సిపాల్‌గా మూడు నాలుగేళ్ళయ్యాక, మీ బడిలో మీరు నిజంగా తలబద్దలు కొట్టుకున్న సమస్య మీదే చెయ్యండి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. మన తెలుగువాళ్ళు ఇల్లు కొనేముందు బడి రేటింగ్ చూస్తాం. ఫ్రిస్కో, ప్లేనో, కేటీ లాంటి శివారు ఊళ్ళంటూ పోతాం. పిల్లల మేలు కోరడంలో తప్పులేదు. కానీ మీరు పనిచేసే నగరపు బడిని మన ఇళ్ళల్లో మాట్లాడుకునేటప్పుడు ఒక చులకన దొర్లుతుంది, మీరూ వినే ఉంటారు. మీ పిల్లలు ఏ బడికి వెళ్తారని రేపు ఒక ట్రస్టీ అడుగుతాడు. చర్చిలో ఒక అమ్మమ్మ అడుగుతుంది. శివారు బడి అయితే అది నేరం కాదు, కానీ జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, ఇంట్లో అందరూ కలిసి నమ్మిన జవాబై ఉండాలి. ఆ నగరపు పిల్లలు మీకు ‘వాళ్ళ పిల్లలు’గా ఉన్నంతకాలం ఈ కోరిక పక్కన పెట్టెయ్యండి. మీ ఉత్తరంలో బడి పిల్లల గురించి ఒక్క వాక్యం కూడా లేదమ్మా. ఉత్తరం చిన్నదనే అనుకుంటున్నాను. అయినా ఈ కుర్చీ ఎక్కి ఆ పిల్లలకు ఏమి చెయ్యాలనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకుని చూడండి. మూడో తరగతి దాటేలోగా ప్రతివాడికీ చదవడం రావాలనా? ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా అందరికీ అందాలనా? ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే మొదటి ఒత్తిడికే బోర్డు చెప్పినట్టల్లా ఊగుతారు.

బోర్డును చూసి వెళ్ళమన్నాను కదా. సమావేశాల వీడియోలు పెద్ద డిస్ట్రిక్టులన్నీ పెడతాయి. దరఖాస్తు చెయ్యాలనుకున్న ఊరి బోర్డువి కనీసం ఒక ఏడాదివి చూడండి. ఓట్లు ఎప్పుడూ 5-4గా చీలుతున్నాయా? ఎవరు ఎవరిని మాట్లాడనివ్వడం లేదు? పాత సూపరింటెండెంట్‌ను అందరిముందూ ఎలా అడుగుతున్నారు? వచ్చే ఎన్నికల్లో ఎన్ని సీట్లు ఖాళీ అవుతున్నాయి? మిమ్మల్ని తెచ్చినవాళ్ళే మీరు చేరిన 6 నెలల్లో దిగిపోతుంటే ఆలోచించుకోవాలి. టెక్సాస్‌లో ఒక పేరును ఫైనలిస్ట్‌గా ప్రకటించి 21 రోజులు ఆగాకే బోర్డు ఓటెయ్యాలి. ఆ మూడు వారాలూ మీరు కూడా వాళ్ళను పరీక్షిస్తున్నట్టే. ఆ రోజుల్లో టీచర్ల సంఘాన్ని, ఓడిపోయిన పాత ట్రస్టీలను కలవండి. కాంట్రాక్టును సొంత లాయరు చదివాకే సంతకం పెట్టండి, డిస్ట్రిక్ట్ లాయరు మీ లాయరు కాదు.

ఇంట్లో మీవారితో తేల్చుకోవాల్సినది యాస గురించి కాదు, ఊరు మారడం గురించి. మొదటి అవకాశం మీరున్న నగరంలోనే రావడం అరుదు. ఆయన ఉద్యోగం ఎక్కడినుంచైనా చేసుకునేదేనా? పిల్లల్లో పెద్దవాళ్ళు హైస్కూల్లో ఉంటే వాళ్ళను కదిలిస్తారా, లేక మీరొక్కరే వెళ్తారా? జీతం బాగానే ఉంటుంది. మహానగరాల్లో 3 లక్షల డాలర్లు దాటడం మామూలే, కార్వాల్యోకు లాస్ ఏంజెలెస్‌లో 4,40,000తో మొదలైంది. కానీ ఆ జీతం అందరికీ తెలుస్తుంది, పేపర్లో వస్తుంది, దాన్ని పట్టుకుని మిమ్మల్ని నిలదీస్తారు. టెక్సాస్ టీచర్ల పింఛను 5 ఏళ్ళకు ఖాయమవుతుంది, మీకు అయిపోయే ఉంటుంది. ఇంకో రాష్ట్రం వెళ్తే అక్కడ మళ్ళీ మొదటినుంచి లెక్క. టెక్సాస్‌లో చాలా డిస్ట్రిక్టులు సోషల్ సెక్యూరిటీకి కట్టవు కాబట్టి ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. టీఆర్‌ఎస్ (టెక్సాస్ టీచర్ల పింఛను సంస్థ) వాళ్ళ వార్షిక స్టేట్‌మెంట్ తీసి, ఇద్దరూ కూర్చుని, ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేస్తే ఎంత వస్తుందో ఇప్పుడే వేసుకోండి. మీ ప్రాంతపు బడులు చూసే ఏరియా సూపరింటెండెంట్‌కు ఈ నెలలోనే ఒక మెయిల్ పెట్టండి, వచ్చే ఏడాది ఖాళీ అవుతున్న ప్రిన్సిపాల్ పోస్టులన్నిటికీ నా పేరు చూడండని, హైస్కూలైతే ఏ పేటలో ఉన్నా సిద్ధమని.